ఎక్స్‌రే లేని పీహెచ్‌సీలో న్యుమోనియా: ఉంచాలా, పంపాలా?

ప్రశ్న – మెడికల్ ఆఫీసర్, ఏటూరునాగారం వైపు
మా దగ్గర ఎక్స్‌రే లేదు. వరంగల్ పోవాలంటే రెండు గంటల పైనే. 58 ఏళ్ల మనిషి, బీడీ అలవాటు, షుగర్ లేదు. 4 రోజులుగా జ్వరం, దగ్గు, కుడివైపు కింద క్రెప్స్ (స్టెత్‌లో చిటపట శబ్దం). శ్వాస 26, బీపీ 110/70, శాచురేషన్ 94, తెలివిగా మాట్లాడుతున్నాడు. లీవోఫ్లాక్సాసిన్ 750 పెట్టి ఇంటికి పంపొచ్చా?

జవాబు – జనరల్ మెడిసిన్, హన్మకొండ
ఇంటికి పంపొచ్చు, సీఆర్‌బీ-65 (తెలివి, శ్వాస, బీపీ, 65 ఏళ్ల వయసు చూసి వేసే న్యుమోనియా తీవ్రత స్కోరు) సున్నానే. లీవో మాత్రం వద్దు సార్. అది టీబీ క్రిములనూ అణుస్తుంది. వారం రోజులు జ్వరం తగ్గి మళ్లీ మొదలవుతుంది, ఈలోపు కఫం పరీక్ష కూడా నెగెటివ్ రావచ్చు. బీడీ మనిషి కాబట్టి మందు మొదలుపెట్టకముందే కఫం తీసి ట్రూనాట్‌కి (టీబీ జన్యు పరీక్ష) పంపండి. అమాక్సిసిలిన్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు, డాక్సీ (డాక్సీసైక్లిన్) 100 రెండుసార్లు, 5 రోజులు. చలికాలంలో మీ వైపు స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) ఉన్నా డాక్సీకి లొంగుతుంది. చంకలు, నడుం దగ్గర ఆ కాటు గుర్తుగా నల్లటి పెచ్చు ఉందేమో బట్టలు తీయించి చూడండి. 48 గంటలకు మళ్లీ రమ్మనండి.

జవాబు – ఛాతీ వైద్యం, కరీంనగర్
ముందు ఊళ్లో ఏ సూది వేశారో అడగండి. డెక్సా (స్టెరాయిడ్) పడితే జ్వరం దిగుతుంది, జబ్బు దిగదు. ఇంకోటి, కర్బ్-65 (సీఆర్‌బీ-65కే యూరియా కలిపిన స్కోరు) లెక్కకు బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్) అయితే 19 పైన, మన ల్యాబ్‌లు ఇచ్చే బ్లడ్ యూరియా అయితే 42 పైన. యూరియా 30 ఉన్నవాళ్లకు కూడా ఒక పాయింట్ వేసి రిఫర్ చేసేస్తుంటారు.

జవాబు – స్టాఫ్ నర్స్
ఆ 26 నిమిషం నిండా లెక్కపెట్టిందేనా సార్? ఓపీ చీటీల మీద అందరికీ 20 అనే రాసి ఉంటుంది! నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని పొట్ట కదలిక లెక్కపెడితే మనిషి ఊపిరి మార్చుకోడు. వేళ్లు చల్లగా ఉంటే శాచురేషన్ తప్పు చూపిస్తుంది, రుద్ది వేడిచేసి పెట్టండి. ముసలివాళ్లకు తేదీ అడిగి కన్‌ఫ్యూజన్ రాయొద్దు. "అవ్వా, నీ మనుమని పేరేంది?" అంటే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు
నిమిషం నిండా లెక్కపెట్టిందే సిస్టర్. వరంగల్‌కు ఎప్పుడు పంపించాలి?

జవాబు – జనరల్ మెడిసిన్, హన్మకొండ
శ్వాస 30కి చేరినా, శాచురేషన్ 92 కన్నా తగ్గినా, పై బీపీ 90 లోపు పడినా, మాట తడబడినా ఆగొద్దు. అలర్జీ లేదని అడిగి సెఫ్ట్రియాక్సోన్ (యాంటీబయాటిక్ సూది) మొదటి డోసు అక్కడే వేయండి. రెండు గంటల దారి, వరంగల్ చేరాక వేస్తారులే అనుకోవద్దు. 108లో ఆక్సిజన్ పెట్టించి, మందు వేసిన టైం చీటీ మీద రాయండి.