ఇంటి నుంచి ఇన్ని కిలోమీటర్లే: మహమ్మారి రోజుల దూరపు హద్దు న్యాయమైనదేనా?

బాటసారి (చర్చ ప్రారంభం)

కోవిడ్ తొలి ఏడాదిలో పలు ప్రభుత్వాలు అవసరం లేకుండా బయటికి రావద్దని చెప్పడంతో ఆగలేదు. వచ్చినా ఇంటి నుంచి ఇంత దూరం దాటరాదని గిరి గీశాయి. ఫ్రాన్స్‌లో 2020 మార్చి 24 నుంచి నడకకో వ్యాయామానికో వెళ్లేవారు ఇంటికి 1 కిలోమీటరు లోపల, రోజుకు ఒక గంట మాత్రమే తిరగాలన్నారు. ఐర్లండ్‌లో మార్చి 27న 2 కిలోమీటర్ల హద్దు ప్రకటించి, మే 5న దానిని 5కు పెంచారు. ఇజ్రాయెల్‌లో తొలి దశలో అది 100 మీటర్లే. మెల్‌బోర్న్‌లో ఆగస్టు 2 నుంచి 5 కిలోమీటర్ల హద్దు, రాత్రి 8 నుంచి ఉదయం 5 వరకు కర్ఫ్యూ, సరుకులకు ఇంటికొక్కరే, అదీ రోజుకు ఒక్కసారే అన్న నియమాలు కలిసి వచ్చాయి.

నా ప్రశ్న ఇది: ఇంటి గుమ్మం నుంచి కొలిచే దూరం ప్రమాదానికి సరైన కొలతేనా? మళ్లీ అటువంటి రోజులు వస్తే ఈ నియమాన్ని మళ్లీ పెట్టవచ్చా? మాస్కులు, టీకాలు, బడుల మూసివేత గురించి వేరుగా మాట్లాడుకోవచ్చు. ఇక్కడ రోజువారీ రాకపోకలకే పరిమితమవుదామని మనవి.

నా అభిప్రాయం దాచుకోను. ఆ రోజుల్లో మా అమ్మ ఒంటరిగా ఉండేది. నా ఇంటి నుంచి ఆమె ఇంటికి 7 కిలోమీటర్లు. మాకు పెట్టిన హద్దు 5. జబ్బుపడినవారిని చూసుకోవడానికి హద్దు దాటవచ్చన్న మినహాయింపు ఉంది గాని, అమ్మకు జబ్బేమీ లేదు. నేను వెళ్లి మెట్ల కింద నిలబడి, ఆమె వరండాలో కూర్చుని, అరగంట మాట్లాడుకుంటే చాలు. ఆ అరగంటకు ఏ మినహాయింపూ వర్తించలేదు. అదే వారంలో నేను 4 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద దుకాణానికి వెళ్లి, కిటికీ ఒక్కటీ లేని గదిలో ఎంతోమంది మధ్య వరుసలో నిలబడ్డాను, అది పూర్తిగా నిబంధనల ప్రకారమే జరిగింది. వైరస్ మనుషుల ఊపిరి ద్వారా వ్యాపిస్తుందని తెలిసినప్పుడు, ఆ ఊపిరి ఎంతసేపు, ఎంత దగ్గరగా, ఎటువంటి గాలిలో కలుస్తుందో చూడకుండా కిలోమీటర్లు లెక్కపెట్టడం ఎలా సమంజసమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

లెక్కల మాస్టారు

బాటసారి గారూ, మీ అమ్మగారి విషయం చదివి బాధ కలిగింది. అయినా నియమాన్ని సమర్థించడానికే రాస్తున్నాను, ఎందుకంటే మీరు ఒక్క ప్రయాణాన్ని చూస్తున్నారు, నియమం మాత్రం లక్షల ప్రయాణాలను కలిపి చూస్తుంది.

అంటువ్యాధి లెక్కలో రెండు ప్రశ్నలుంటాయి. ఒక రోగి ఎంతమందికి అంటిస్తాడన్నది మొదటిది. ఆ అంటించుకున్నవాళ్లు ఎక్కడ ఉన్నారన్నది రెండోది. మీరన్న ఊపిరి, గాలి, సమయం మొదటి ప్రశ్నకు జవాబులు. దూరపు హద్దు రెండోదానికి జవాబు. ఎవరూ దూరం వెళ్లని చోట వ్యాధి చెరువులో అలలా అంచు నుంచి అంచుకు జరుగుతుంది. రోగి చుట్టూ ఉన్నవారిలో కొందరికి అది అప్పటికే సోకి ఉంటుంది గనక, కొత్తగా అంటుకోవడానికి మిగిలేవారు తగ్గుతారు. అదే కొద్దిమంది దూరాలకు గెంతితే, ఆ గెంతిన ప్రతిచోటా కొత్త అల మొదలవుతుంది. 1347లో ఇటలీలోని మెస్సీనా రేవుకు చేరిన ప్లేగు 1348లో ఇంగ్లండుకు, 1349లో నార్వేకు చేరింది. ఓడలూ గుర్రాలూ ఉన్న లోకంలో దాని వేగం అంతే. 2019 చివర ఊహాన్‌లో బయటపడిన వ్యాధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా పేర్కొనే నాటికి అది 114 దేశాలలో ఉంది. రెంటి మధ్య తేడాకు సూక్ష్మజీవి స్వభావం కొంత కారణమే గాని, పెద్ద కారణం మన ప్రయాణాల పొడవు.

హద్దు విలువ ఎంత త్వరగా మారుతుందో కూడా గమనించండి. 1 కిలోమీటరు వ్యాసార్థమున్న వృత్తం వైశాల్యం దాదాపు 3 చదరపు కిలోమీటర్లు. 5 కిలోమీటర్లది 78కి పైన. మెల్‌బోర్న్‌లో అక్టోబరు 18 అర్ధరాత్రి నుంచి హద్దును 25 కిలోమీటర్లు చేసినప్పుడు అది ఒక్కసారిగా 1,963 చదరపు కిలోమీటర్లు అయింది. ఇంత తేడా తెచ్చే కొలతను అర్థం లేనిదని కొట్టిపారేయలేము.

సైకిలు సవారీ

మాస్టారూ, మీ అల ఉపమానం దేశం నుంచి దేశానికి, జిల్లా నుంచి జిల్లాకు వెళ్లే ప్రయాణాల విషయంలో నిజం. ఒకే నగరంలో 5 కిలోమీటర్లకూ 7 కిలోమీటర్లకూ మధ్య అది ఎలా పనిచేస్తుంది? పక్కపక్క ఇళ్లవారి వృత్తాలు దాదాపు పూర్తిగా కలిసిపోతాయి, వారి పొరుగువారివి మరికొంత ముందుకు జరుగుతాయి, అలా గొలుసుగా నగరమంతా అల్లుకుని ఉంటుంది. పైగా పనికి వెళ్లేవారికి ఈ హద్దు లేదు. సరుకులు మోసే డ్రైవరు, ఆసుపత్రి ఆయా, గిడ్డంగి కూలీ నగరం ఈ కొస నుంచి ఆ కొసకు రోజూ వెళ్లివచ్చారు. మీరు చెప్పిన గెంతులు ఆగలేదు. సెలవురోజు ఒంటరిగా సైకిలు తొక్కేవాడు మాత్రం ఆగాడు.

నియమం కాగితం మీద ఒకలాగా, రోడ్డు మీద ఒకలాగా ఉండటం మరో సమస్య. ఫ్రాన్స్‌లో బయటికి వచ్చేవారు ఎందుకు వచ్చారో, ఎన్ని గంటలకు వచ్చారో రాసి సంతకం చేసిన పత్రం వెంట ఉంచుకోవలసి వచ్చింది. లేకపోతే 135 యూరోల జరిమానా. ఆ పత్రం ఉన్నా సైకిలు మీద వెళ్లినందుకు జరిమానా కట్టినవారున్నారు. సైకిలు వాడకం నిషిద్ధం కాదని ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించాలని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆదేశించేసరికి ఏప్రిల్ 30 వచ్చింది. ఇంగ్లండులోని డర్బీషైర్‌లో 2021 జనవరిలో ఇద్దరు స్త్రీలు ఇంటి నుంచి 5 మైళ్ల దూరం కార్లలో వెళ్లి ఆరుబయట నడిచినందుకు ఒక్కొక్కరికి 200 పౌండ్ల జరిమానా వేసి, తరువాత రద్దు చేసి క్షమాపణ చెప్పారు. అక్కడ చట్టంలో అసలు మైళ్ల హద్దే లేదు. దగ్గరలోనే ఉండండన్న సలహా మాత్రమే ఉంది. సలహా ఏది, చట్టం ఏది అన్నది పోలీసులకే స్పష్టంగా లేనప్పుడు మామూలు మనిషి ఏ ధైర్యంతో గుమ్మం దాటాలి?

రాత్రి డ్యూటీ నర్సు

నేను వృత్తాల లెక్క చెప్పలేను. చూసింది చెబుతాను. ఆ రోజుల్లో నేను పనిచేసింది చిన్న ఆసుపత్రిలో. చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో, వారిలో వృద్ధులెందరో లెక్కవేసి మంచాలు, ఆక్సిజన్ సిద్ధం చేసుకున్నాము. నగరంలో కేసులు పెరుగుతున్నాయని అక్కడివారు కొందరు ముందే మా వైపు వచ్చి ఉండటంతో ఆ లెక్క తప్పింది. వారిలో చెడ్డవాళ్లెవరూ లేరు. పిల్లలను సురక్షితమైన చోటికి తీసుకుపోదామనుకున్నారు, అంతే.

రెండో సంగతి, ఎవరెవరిని కలిశారో ఆరా తీయడం. ఆ తొలి ఏడాదిలో ఈ వ్యాధి సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి సగటున 5 రోజులు, కొందరిలో 14 రోజుల దాకా పట్టేది. లక్షణాలు రాకముందు రెండు రోజుల నుంచే అది ఇతరులకు అంటవచ్చు. అందువల్ల రోగిని ‘గత వారం ఎక్కడెక్కడికి వెళ్లారు’ అని అడగాలి. హద్దు ఉన్న వారాల్లో జవాబు ఒక దుకాణం, ఒక మందుల కొట్టు, ఒక వీధి. ఫోన్లు చేసి గంటలో హెచ్చరించగలిగాము. హద్దు ఎత్తేశాక అదే ప్రశ్నకు జవాబుగా మూడు పట్టణాల పేర్లు, గుర్తులేని ఒక బస్సు, పేరు తెలియని ఒక పెళ్లివారి ఇల్లు వచ్చేవి. బాటసారి గారూ, మీరు మెట్ల కింద నిలబడటం ప్రమాదం కాదని నేనూ ఒప్పుకుంటాను. కాని మీరు బస్సులో వెళ్తారు. దారిలో కార్లు ఢీకొంటే వచ్చేది మా ఆసుపత్రికే. ఇలాంటివన్నీ కలిపి చూసినవారే ఆ హద్దు గీశారు.

పై అంతస్తు

ఇంతవరకు రాసినవారందరూ హద్దు అందరికీ ఒకటేనన్నట్టు మాట్లాడుతున్నారు. ఒకరి 1 కిలోమీటరులో పార్కు, నదీతీరం, నీడనిచ్చే చెట్లు ఉంటాయి. మరొకరి 1 కిలోమీటరులో ఫ్యాక్టరీ గోడ, వంతెన కింది రోడ్డు ఉంటాయి. సముద్రం పక్కన ఇల్లున్నవారికి వృత్తంలో సగం నీళ్లే. కారున్నవారికి 5 కిలోమీటర్లు పది నిమిషాలు. సంచులు మోస్తూ నడిచేవారికి అది పూటంతా పట్టే పని. స్పెయిన్‌లో 14 ఏళ్లలోపు పిల్లలను 2020 మార్చి మధ్య నుంచి ఏప్రిల్ 26 దాకా నడకకైనా బయటికి రానివ్వలేదు. పెద్దతోట ఉన్న ఇంట్లోని పిల్లలకూ, ఒకే కిటికీ ఉన్న ఇంట్లోని పిల్లలకూ ఆ ఆరు వారాలు ఒకటి కావు. నేను ఆ రెండో రకం ఇంట్లో ఇద్దరు పిల్లలతో గడిపాను. నియమం సమానంగా రాసినంత మాత్రాన భారం సమానంగా పడదని నియమం రాసేవారికి తెలిసి ఉండాలి.

లెక్కల మాస్టారు

సైకిలు సవారీ గారు చెప్పిన గొలుసు వాదనలో బలముంది. నగరం లోపల చిన్న హద్దుల వల్ల కలిగే లాభం తక్కువేనని ఒప్పుకుంటున్నాను. అయితే తప్పుగా గీసిన నియమం జనాన్ని ఎలా పోగుచేస్తుందో చూస్తే దూరపు హద్దు అంత చెడ్డదిగా కనబడదు. పెరూలో 2020 ఏప్రిల్ 3 నుంచి మగవారికి కొన్ని రోజులు, ఆడవారికి కొన్ని రోజులు అని విభజించారు. సరుకులు కొనే బాధ్యత ఎక్కువ ఇళ్లలో స్త్రీలదే గనక వారి రోజుల్లో అంగళ్లు కిక్కిరిసిపోయాయి. వారం తిరిగేసరికి ఆ విభజనను ఎత్తేశారు. దూరపు హద్దులోనూ ఈ ప్రమాదం ఉంది: ఒకే పార్కున్న ప్రాంతంలో అందరూ అక్కడికే వస్తారు. కాబట్టి హద్దు గీసేవారు ముందు పటం చూడాలి. జనసాంద్రత, ఖాళీ స్థలాలు, ఆసుపత్రులు చూసి ఒక్కోచోట ఒక్కో హద్దు పెట్టాలన్నది నా సవరణ.

సైకిలు సవారీ

ఒక్కోచోట ఒక్కో హద్దంటే పోలీసుల అయోమయం రెట్టింపవుతుంది. మూసి ఉన్న చోట్లు, జనం గుమిగూడే చోట్లు, దగ్గరదగ్గరగా మాట్లాడుకునే సందర్భాలు మానండని 2020 మార్చిలోనే జపాన్ ప్రజలకు చెప్పింది. మూడు మాటలు, పిల్లలకైనా గుర్తుంటాయి, పటం అక్కరలేదు.

బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. నర్సు గారి రెండో పేరా చదివాక నా వాదనను కొంత మార్చుకోవలసి వస్తున్నది. ఆరా తీసేవారి కష్టం గురించి నేను ఎన్నడూ ఆలోచించలేదు. దూరప్రాంతాలకు వెళ్లకుండా ఆపడం, చిన్న ఆసుపత్రులున్న ఊళ్లమీద బయటి భారం పడకుండా చూడటం అవసరమేనని ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది ఒకటుంది: ఒంటరిగా ఉన్నవారిని చివర గుర్తుచేసుకోవడం. ఇంగ్లండులో మార్చి 23న ఆంక్షలు మొదలైతే, ఒంటరిగా నివసించే వ్యక్తి మరొక్క ఇంటివారితో జతకట్టవచ్చన్న వెసులుబాటు జూన్ 13న వచ్చింది. పన్నెండు వారాలు దాదాపు పూర్తయ్యాయి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో అటువంటిది సెప్టెంబరులో వచ్చింది. ఇది ఆలోచించడానికి పరిశోధనశాల అక్కరలేదు. ఒంటరివారెందరో జనాభా లెక్కల్లో ఉంటుంది. హద్దు ప్రకటించిన రోజే, అదే కాగితం మీద, ఒంటరిగా ఉన్న ప్రతి ఒక్కరూ ఎంత దూరంలో ఉన్నవారినైనా సరే ఒకరిని ఎంచుకోవచ్చని రాస్తే ఏమి పోయేది? మాకు ఆ వెసులుబాటు ఎప్పటికీ రాలేదు. హద్దు ఎత్తేశాక వెళ్లి చూస్తే అమ్మ మాటలు తగ్గించుకుంది. ఫోనులో నాకు అది తెలియలేదు, ఎందుకంటే ఫోనులో మాట్లాడేదంతా నేనే.

రాత్రి డ్యూటీ నర్సు

తొలి వారాల్లో పరీక్షలు సరిపడా లేవు, వ్యాధి ఎలా అంటుతుందో మాకే పూర్తిగా తెలియదు. మొదటి రోజే అటువంటి వెసులుబాటు అడిగి ఉంటే నేను వద్దనేదాన్ని. ఈనాడు అడిగితే ఒక షరతుతో సరేనంటాను. వృద్ధులను కలిసేవారు మిగతా కలయికలు వదులుకోవాలి. దుకాణాల వరుసలు, స్నేహితులతో నడక ఏవీ వద్దు, సరుకులు ఎవరిచేతనైనా తెప్పించుకోవాలి, ప్రయాణం బస్సులో కాకుండా నడిచో సైకిలు మీదో చేయాలి. ప్రజలలో ఎక్కువమంది ఆ షరతు పాటిస్తారని నాకు నమ్మకం లేదు. అందుకే దూరపు హద్దును పూర్తిగా వదులుకోలేకపోతున్నాను.

బాటసారి

ఎక్కువమంది సంగతి నేను చెప్పలేను. ఆ షరతు నా ముందు పెట్టి ఉంటే ఆ రోజే దుకాణానికి వెళ్లడం మానేసేదాన్ని, 7 కిలోమీటర్లూ నడిచేదాన్ని.