బండలాగుడు లెక్కలో ఒక సందేహం, తెలిసినవాళ్లు చెప్పండి

మాది చీమకుర్తి దగ్గర పల్లెటూరు. మా వాడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. తిరునాళ్లలో బండలాగుడు పోటీ చూసొచ్చి, "నాన్నా, ఎద్దులు ఎంత బలంతో లాగితే బండా అంతే బలంతో వెనక్కి లాగుతుందిగా, మరి ఎలా కదులుతుంది?" అన్నాడు. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేయవు కాబట్టి కొట్టేసుకోవు, ఎద్దుల్ని ముందుకు నెట్టేది గిట్టల కింది నేల అని చెప్పా. అక్కడిదాకా బాగానే ఉంది.

చిక్కంతా లెక్క దగ్గరొచ్చింది. బండ 1000 కిలోలు, ఘర్షణ గుణకం (నేల బండను నొక్కే బలంలో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే సంఖ్య) 0.5 అనుకున్నాం (ఊహే, కొలిచింది కాదు). గొలుసు నేలకు సమాంతరంగా ఉంటే స్థిరవేగంతో లాగడానికి 4900 న్యూటన్లు కావాలి. కానీ గొలుసు కాడి వైపు ఏటవాలుగా లేస్తుంది కదా. అది బండను కాస్త పైకి కూడా లాగుతుంది, అభిలంబ బలం (నేల బండను పైకి నెట్టే బలం) తగ్గుతుంది, దాంతో ఘర్షణా తగ్గుతుంది. లాగే బలాన్ని సైన్, కాస్‌లతో నిలువుగా, అడ్డంగా విడగొట్టి చూస్తే 26.6 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా తక్కువగా 4383 న్యూటన్లే వచ్చింది. అంటే గొలుసు పొట్టిగా కట్టి ఏటవాలు పెంచితే లాభమా?

ఎడ్లు తోలిన మా పెదనాన్న నవ్వి, "మెడల మీద బరువు పడి ఎద్దు కూలబడుద్ది రా" అన్నాడు. నిజమే, కాడి మీద కిందికి పడేది 1960 న్యూటన్లు, దాదాపు 200 కిలోల బరువు! మా వాడేమో ఆ బరువు వల్లే గిట్టలకు పట్టు పెరుగుతుందంటాడు.

బండకూ ఎద్దులకూ బలాల పటాలు విడివిడిగా గీయాలా? బండ కదిలేముందు స్థైతిక ఘర్షణతో (నిలిచున్న వస్తువును కదలకుండా ఆపే ఘర్షణ) ఇదంతా మళ్లీ కట్టాలా? కాస్త విడమరిచి చెప్పగలరు.