ఈమధ్య ఏం చూశారు? పాత టెక్నాలజీ థ్రిల్లర్లు తెలిస్తే చెప్పండి

మధు_ఎంవీపీ:
వానలకి మూడు రోజులు ఇల్లు కదల్లేదు. ఏం తోచక 'వార్‌గేమ్స్' పెట్టాను. 1983 సినిమా. ఒక కుర్రాడు వీడియో గేమ్ కంపెనీ కంప్యూటర్‌లోకి దూరదామని ఆ కంపెనీ ఉన్న ఊళ్లో ఫోన్ నంబర్లన్నీ వరసగా డయల్ చేయిస్తూ పోతాడు. అది కాస్తా అమెరికా సైన్యం కంప్యూటర్‌కి తగులుతుంది. ఫోన్ రిసీవర్ తీసి రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించే ఆ మోడెమ్ చూసి మొదట నవ్వుకున్నాను. అరగంట పోయాక నవ్వు రాలేదు. ఇలాంటివి ఇంకా చెప్పండి. 2000కి ముందువి కావాలి. ఇంకో మాట, వచ్చే ఆదివారం మా నాన్నగారు కూడా కూర్చుంటారు. ఆయనకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. తెలుగు డబ్బింగ్ ఉన్నదో, మాటలు తక్కువున్నదో అయితే మేలు.

నైట్‌షిఫ్ట్_నాయుడు:
అందరూ ఆ సినిమా చివరి అరగంట గురించే చెబుతారు. నాకు నచ్చింది స్కూల్ సీను. కుర్రాణ్ణి ప్రిన్సిపాల్ గదికి పంపితే, అక్కడ కాగితం మీద రాసి పెట్టుకున్న పాస్‌వర్డులు చూసుకుని వస్తాడు. నలభై ఏళ్లు దాటింది, మా ఆఫీసులో ఇవాళ్టికీ అదే తంతు. సర్వర్ రూమ్ పాస్‌వర్డ్ ఏసీ రిమోట్ వెనక సెల్లోటేప్ వేసి అంటించారు. తీసేయండని మెయిల్ పెడితే, నువ్వు సెలవు పెడితే మాకెవరు చెబుతారు అన్నారు. మూడు నెలలకి ఫైళ్లు పోయాయి. మెమో ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా?

పాతరీలు:
మధు గారూ, 'వార్‌గేమ్స్' వెనక అసలు కథ ఇంకా బాగుంటుంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆ సినిమా చూసి, ఇలా నిజంగా జరుగుతుందా అని సైన్యాధికారుల్ని అడిగాడు. కనుక్కుని వచ్చి, పరిస్థితి మీరనుకున్న దానికన్నా ఘోరంగా ఉందన్నారు. 1984లో ప్రభుత్వ కంప్యూటర్ల భద్రత మీద ఆదేశం వచ్చింది. ఒక సినిమా వల్ల!
ఇక మీకు కావల్సినవి. 'స్నీకర్స్', 1992. అందులో హీరోని కారు డిక్కీలో పడేసి తీసుకెళతారు. దారి ఎలా తెలియాలి? కళ్లు లేని స్నేహితుడు ఒకడు, నీకు ఏం వినబడింది చెప్పు అంటూ ఒక్కో చప్పుడే అడిగి దారంతా పట్టేస్తాడు. పార్టీలో జనం గోల లాగా వినబడిందంటే, అవి బాతులని తేలుతుంది. ఆ తర్వాత 'ద కన్వర్సేషన్', 1974, కొప్పోలా తీసింది. ఊరందరి మాటలూ దొంగచాటుగా వినేవాడు చివరికి తన ఇంట్లోనే మైకు ఉందని అనుమానం వచ్చి నేలా గోడా అన్నీ పీకి పారేస్తాడు.

లలిత_సీతమ్మధార:
అయ్యా పాతరీలు గారూ, ముగింపు చెప్పేశారు! నేను ఈ శనివారం చూద్దామని డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా.

పాతరీలు:
అమ్మా, అది 1974 సినిమా. యాభై ఏళ్లు ఆగాను, ఇంకెన్నాళ్లు ఆగను?

లలిత_సీతమ్మధార:
మీరు ఆగారు సరే, నేను పుట్టిందే 1990లో. పైన 'ముగింపు ఉంది' అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది? ప్రతి చర్చలోనూ మీకిదే అలవాటు. పోయిన నెల కూడా హంతకుడి పేరు చెప్పేశారు.
మధు గారికి నేను చెప్పేది 'ద నెట్', 1995, సాండ్రా బుల్లక్. అందులో ఆవిడ కంప్యూటర్‌లో పిజ్జా ఆర్డర్ చేస్తే అప్పట్లో అదో వింత. తర్వాత రికార్డులన్నీ మార్చేసి ఆవిడ ఆవిడే కాదంటారు. నవ్వకండి, నాకు సగం జరిగింది. పాత సిమ్ కార్డు వదిలేశాను. ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చారు. నా ఓటీపీలన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని ఆయనకి వెళ్లేవి. కౌంటర్‌కి వెళ్లి నంబర్ మార్చమంటే, ముందు పాత నంబర్‌కి వచ్చిన ఓటీపీ చెప్పమన్నారు! ఆ పుణ్యాత్ముడు మంచివాడు కాబట్టి ఫోన్ చేస్తే ఓటీపీ చదివి చెప్పాడు. చివర్లో, అమ్మా మీకు కరెంట్ బిల్లు కూడా వచ్చింది, కట్టారా అని అడిగాడు.

కంచరపాలెం_కుర్రోడు:
ఇంగ్లీష్ సినిమాల పిచ్చి ఏటండీ బాబూ. 'ఆదిత్య 369' ఉండగా. 1991. మొన్న 2025లో 4కేలో మళ్లీ వేస్తే వెళ్లాను. తెలుగులోనే ఉంది, నాన్నగారికి ఇబ్బంది లేదు.

పాతరీలు:
సింగీతం గారి మీద నాకూ భక్తే. కానీ అది టైమ్ మెషీన్ కథ, టెక్నాలజీ థ్రిల్లర్ కాదు.

కంచరపాలెం_కుర్రోడు:
మెషీన్ అంటే టెక్నాలజీ కాదా మాస్టారూ? సరే మీ ఇష్టం.

గిరి_గాజువాక:
ఎవరూ అసలు సంగతి ఎత్తట్లేదు. మనం వైజాగ్‌లో ఉండి టెక్నాలజీ థ్రిల్లర్ అంటే ముందు 'ఘాజీ' అనాలి. 2017. 2000కి ముందుది కాదని మధు గారు కోప్పడకండి, కథ 1971 పాకిస్తాన్ యుద్ధానిదే కదా. నిన్న రాత్రి మా అబ్బాయికి మళ్లీ చూపించాను. సముద్రం అడుగున చీకట్లో వినికిడి ఒక్కటే ఆధారంగా పోరాడటం, ఆ టెన్షన్, ఏ ఇంగ్లీష్ సినిమాకీ తీసిపోదు. మన సబ్‌మెరైన్ వాళ్ల ఘాజీ సబ్‌మెరైన్‌ని ముంచేసే సీను దగ్గర మావాడు లేచి నిలబడ్డాడు.

బీచ్‌రోడ్_బాబీ:
గిరి అన్నా, సినిమా బాగుంది, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ మన సబ్‌మెరైన్ ముంచిందని పిల్లలకి చెప్పకు. ఘాజీని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అని మన నేవీ చెబుతుంది. అది డిస్ట్రాయర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ. డిసెంబరు 3 అర్ధరాత్రి హార్బర్ దాటి బయటికి వస్తూ డెప్త్ చార్జీలు, అంటే నీళ్ల లోపల పేలే బాంబులు వేసింది. పాకిస్తాన్ వాళ్లేమో తాము పరిచిన మైన్ పేలి మునిగిందంటారు. సినిమా మొదట్లో కల్పితం అని కార్డు వేస్తారు, అది చదవకుండా పాప్‌కార్న్ కోసం వెళ్లినట్టున్నావ్.

గిరి_గాజువాక:
పాప్‌కార్న్ సంగతి నీకెందుకు? మా నాయనమ్మ జాలారిపేట మనిషి. ఆ రాత్రి పేలుడుకి గిన్నెలు దొర్లాయని చెప్పేది. నువ్వు వికీ చూసి రాసి నాకు చరిత్ర చెబుతున్నావా?

బీచ్‌రోడ్_బాబీ:
గిన్నెలు దొర్లాయంటే పేలుడు జరిగిందని అర్థం. ఎవరు పేల్చారో గిన్నెలకేం తెలుసు?

గిరి_గాజువాక:
చూడు తమ్ముడూ, నోరు అదుపులో పెట్టుకో. మా నాయనమ్మని గిన్నెతో పోల్చకు.

డాక్‌యార్డ్_తాత:
ఇద్దరూ ఆగండి. ముప్ఫై ఒక్క ఏళ్లు డాక్‌యార్డ్‌లో పనిచేసిన వాణ్ణి, నేను చెబుతాను. సినిమాల్లో సోనార్, అదే నీళ్లలో శబ్దంతో వెతికే యంత్రం, అంటే ఆగకుండా టింగ్ టింగ్ అని మోగుతూ ఉంటుంది. అది ఒట్టిది. శబ్దం పంపావంటే నువ్వెక్కడున్నావో శత్రువుకి నువ్వే చెప్పినట్టు. చీకటి గదిలో దొంగ టార్చి వేసినట్టన్నమాట. అందుకే సబ్‌మెరైన్ ఎక్కువసేపు ఊరకే వింటూ కూర్చుంటుంది. ఈ ముక్క తెలిసి తీసిన సినిమా 'ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్', 1990. అందులో షాన్ కానరీ దూరం సరిచూసుకోవడానికి ఒకే ఒక్క పింగ్ పంపమంటాడు. నీళ్లలో శబ్దం సెకనుకి 1500 మీటర్లు పోతుంది. పంపిన పింగ్ రెండు సెకన్లలో తిరిగొచ్చిందంటే ఎదుటివాడు కిలోమీటరున్నర దూరంలో ఉన్నాడు. అంతే లెక్క. మన బంగాళాఖాతంలో ఇంకో తిరకాసు. నదుల మంచినీళ్లు పైన తేలుతూ, కింద ఉప్పునీళ్లు ఉంటాయి. ఆ పొర దగ్గర శబ్దం వంగిపోతుంది. దాని కింద దాక్కుంటే పైన ఉన్న ఓడకి దొరకడం కష్టం.

నైట్‌షిఫ్ట్_నాయుడు:
తాతగారూ, క్షమించండి. పోయిన నెల బస్సు పాసుల చర్చలో స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యానన్నారు?

డాక్‌యార్డ్_తాత:
అది మా బావమరిది. అతని ఫోన్ నుంచి రాశాను. డాక్‌యార్డ్‌లో నేను పనిచేసింది బ్యాటరీ షాపులో. సోనార్ ముట్టుకోలేదు, అది ఒప్పుకుంటాను, కానీ దాని ముందు కూర్చునే కుర్రాళ్లతో రోజూ టీ తాగాను. ఇక ఘాజీ సంగతి. మీరిద్దరూ చెప్పని మూడో మాట ఒకటుంది. డీజిల్ సబ్‌మెరైన్ నీళ్ల కింద నడిచేది బ్యాటరీల మీద. వాటిని చార్జ్ చేస్తుంటే హైడ్రోజన్ పుడుతుంది. గాలి సరిగ్గా ఆడకపోతే ఆ గ్యాస్ పోగుపడుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఘాజీ లోపలే అలా పేలి ఉండొచ్చని కూడా ఒక వాదన ఉంది. బ్యాటరీల దగ్గర బతుకంతా గడిపాను కాబట్టి నేను దాన్నే నమ్ముతాను. మా షాపులో అగ్గిపెట్టె జేబులో ఉంటే గేటు దగ్గరే లాక్కునేవారు.

బీచ్‌రోడ్_బాబీ:
తాతగారూ, మంచి మాట చెప్పారు. కానీ నేవీ లెక్క రాజ్‌పుత్తే.

డాక్‌యార్డ్_తాత:
నేవీ లెక్క నేవీది, బ్యాటరీ లెక్క నాది.

గిరి_గాజువాక:
అయితే సినిమా తప్పంటారా?

పాతరీలు:
గిరి గారూ, తప్పని కాదు. నా బాధ వేరు. నిజంగా జరిగింది సినిమాకన్నా పెద్ద టెక్నాలజీ థ్రిల్లర్, దాన్ని వదిలేశారు. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌నేమో అండమాన్ వైపు దాచేశారు. ఇక్కడ వైజాగ్‌లో రాజ్‌పుత్ చేత విక్రాంత్ లాగా దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపించారు. అంత పెద్ద ఓడ ఇక్కడే ఉందని గూఢచారులు నమ్మాలని కాంట్రాక్టర్లకి కూరగాయలు, మాంసం భారీగా ఆర్డర్ పెట్టారని కూడా చెబుతారు. అంటే యుద్ధంలో వంకాయలు కూడా పనిచేశాయన్నమాట. వైస్ అడ్మిరల్ కృష్ణన్ నడిపిన ఎత్తు అది. ఒక పాత ఓడ, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక కూరగాయల చిట్టా. దీన్ని తీస్తే పాటలు పాడి శత్రువుని రెచ్చగొట్టే సీను అవసరమే ఉండదు.

కంచరపాలెం_కుర్రోడు:
పాట సీనుకి జగదాంబలో హాలు హాలంతా లేచి నిలబడింది మాస్టారూ. వంకాయలకి ఎవడు లేస్తాడు?

పాతరీలు:
...సరే, ఒప్పుకున్నాను.

లలిత_సీతమ్మధార:
మన బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కి చూశారా ఎవరైనా? 91 మీటర్ల పొడవంటే పెద్దదే అనుకున్నా. లోపల గుండ్రటి తలుపుల్లో దూరేటప్పుడు నుదురు రెండుసార్లు కొట్టుకుంది. మా పాప అడిగింది, ఇందులో డెబ్భై మందికి పైగా ఉంటే స్నానం ఎలాగమ్మా అని. గైడ్ నవ్వి, చేసేవాళ్లు కాదమ్మా అన్నాడు. సినిమాల్లో ఈ వాసన రాదు. ఘాజీలో అందరి చొక్కాలూ ఇస్త్రీ చేసినట్టే ఉంటాయి.

డాక్‌యార్డ్_తాత:
బాగా కనిపెట్టావమ్మా. డీజిల్ వాసన చొక్కాని వదిలేది కాదు. మరమ్మతుకి వచ్చిన సబ్‌మెరైన్‌లో దిగి ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మం బయటే నిలబెట్టేది.

గిరి_గాజువాక:
నేను అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. పోనీలెండి. బాబీ, నిన్న కొంచెం ఎక్కువ మాట్లాడాను. కానీ గిన్నెల మాట నువ్వు వెనక్కి తీసుకోవాలి.

బీచ్‌రోడ్_బాబీ:
గిన్నెల మాట వెనక్కి తీసుకున్నా అన్నా. పాప్‌కార్న్ మాట తీసుకోను.

నైట్‌షిఫ్ట్_నాయుడు:
ఘాజీ గొడవలో మధు గారిని అందరం మర్చిపోయాం. 'అభిమన్యుడు' చూడండి, విశాల్‌ది, తమిళం నుంచి తెలుగులోకి వచ్చింది. 2018 అనుకోండి, మీ షరతు తప్పుతుంది. కానీ పెద్దవాళ్లకి చూపించాల్సిన సినిమా. మన వివరాలు ఎలా చేతులు మారతాయో అర్థమవుతుంది. మా పెదనాన్నకి పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్ట్ అని నాలుగు గంటలు కుర్చీలోంచి లేవనివ్వలేదు. బాత్రూమ్‌కి కూడా పర్మిషన్ అడిగాడు పాపం. పెద్దమ్మ పాలు తెచ్చి, ఎవరండీ ఈ బట్టతల ఆయన అని ఫోన్‌లోకి తొంగిచూస్తే వాళ్లే పెట్టేశారు. సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేశాం. డబ్బు పోలేదు, పెదనాన్న పరువే పోయింది.

లలిత_సీతమ్మధార:
మీ పెద్దమ్మగారిని అందరిళ్లకీ ఒకసారి పంపండి.

మధు_ఎంవీపీ:
అందరికీ నమస్కారం. డబ్బింగ్ గురించి అడిగాను, ఒక్కరు తప్ప ఎవరూ పట్టించుకోలేదు, ఆ ఒక్కరూ కంచరపాలెం తమ్ముడు. చివరికి ఆదివారం 'వార్‌గేమ్స్'నే మళ్లీ పెట్టాను. మాటలు నేను తెలుగులో చెబుదామని పక్కనే కూర్చున్నా. నాన్నగారు టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా చేరి అక్కడే రిటైర్ అయ్యారని మీకు చెప్పలేదు కదూ. రిసీవర్ రబ్బరు గిన్నెల్లో పెట్టగానే సినిమా ఆపమన్నారు. కంప్యూటర్ కూతని ఫోన్ గొట్టంలోకి కూయిస్తున్నాడ్రా, అంతే, అని ఆయనే నాకు చెప్పారు. తర్వాత కుర్రాడు చేతిలో పైసా లేక, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగుతో కాయిన్ ఫోన్‌ని మోసం చేసి కాల్ కలుపుతాడు చూశారా, అక్కడ లేచి కూర్చున్నారు. లైన్‌ని ఎర్త్ చేశాడు దొంగ వెధవ, అని ఒకటే నవ్వు. ఆ సీను మూడుసార్లు వేయించుకున్నారు. మిగతా సినిమా నిద్రపోయారు. ప్రపంచ యుద్ధం తప్పిన సంగతి ఆయనకి తెలియదు.

పాతరీలు:
అదీ మధు గారూ! ఇకనుంచి మాకు కాదు, ఆయనకి రాయమనండి.

డాక్‌యార్డ్_తాత:
మీ నాన్నగారు మల్కాపురం వైపు ఎప్పుడైనా పనిచేశారా? 1988లో మా క్వార్టర్స్‌కి లైన్ లాగిన ఆయన కాఫీ తాగి వెళుతూ పచ్చ పిడి స్క్రూడ్రైవర్ మర్చిపోయాడు. అది ఇంకా నా దగ్గరే ఉంది. ఒకసారి అడిగి చూడండి.