సినిమా పోయినా మాట మిగిలింది: మీ ఇంట్లో తిరిగే కామెడీ డైలాగులేంటి?

గోదారిగట్టు:
మా ఆఫీసులో ఇద్దరు పెద్దవాళ్లు వాదించుకుంటూ మధ్యలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి సాక్ష్యం అడిగారు. వాడు ‘నన్ను ఇన్వాల్వ్ చేయకండి రావుగారూ’ అని లేచి వెళ్లిపోయాడు. ‘రెడీ’ (2008) చూశావా అంటే లేదట, బ్రహ్మానందం స్టిక్కర్ తెలుసట! ఇలాంటివి మీ దగ్గర ఏమున్నాయి?

పాతరీలు:
మా ఇంట్లో వీరతాడు. పిల్లలెవరైనా కొత్త మాట కల్పిస్తే నాన్నగారు ‘వెయ్యండి వీడికో వీరతాడు’ అంటారు. ‘మాయాబజార్’ వచ్చింది 1957లో. దాని రచయిత పింగళి నాగేంద్రరావు గారి అసమదీయులు (మనవాళ్లు), తసమదీయులు (పరాయివాళ్లు) ఇప్పటికీ రాజకీయ వ్యాసాల్లో దర్శనమిస్తుంటారు.

టీకప్పు:
డైలాగే అక్కర్లేదండీ, పాత్ర చాలు. మా అపార్ట్‌మెంట్‌లో లెక్కలు చూసే ఆయన్ని చాటుగా లక్ష్మీపతి అంటాం. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడే, ఆయన. మా వారైతే లిఫ్టు రిపేరు వాయిదా పడ్డప్పుడల్లా ‘మళ్లీ కోడిని కట్టారు’ అంటారు. సినిమా తెలియనివాళ్లకు అర్థం కాదు, తెలిసినవాళ్లు నవ్వాపుకోలేరు.

ఓరుగల్లుపోరడు:
అన్నీ సినిమావాళ్లు పుట్టించినవే అనుకోవద్దు. ‘పెళ్ళిచూపులు’ (2016)లో ప్రియదర్శి ‘నా సావు నేను సస్తా, నీకెందుకు’ అంటే హాలంతా ఒకటే అరుపులు. మా అమ్మమ్మ అది ఎప్పటి నుంచో అంటున్నదే! సినిమా చేసిందల్లా మా మాటను అందరికీ పంచడం. ఇప్పుడు విజయవాడ ఫ్రెండ్ కూడా అదే యాసలో అంటాడు, కొంచెం తేడాగా.

పాతరీలు:
@ఓరుగల్లుపోరడు ఒప్పుకుంటాను. కానీ ‘మిస్టర్ పెళ్ళాం’ (1993)లో ఏవీఎస్ అన్న ‘అదో తుత్తి’ (తృప్తి అనే మాటే) సంగతి వేరు. అది ఆయన పలికిన తీరు వల్లే నిలిచింది. కాగితం మీద చదివితే ఏముంది అందులో?

టీకప్పు:
నిజమే. ఈ మధ్య కొన్ని సినిమాల్లో డైలాగ్ హిట్ కావాలని పదిసార్లు అనిపిస్తున్నారు. అవి ట్రైలర్ దగ్గరే ఆగిపోతాయి.

పెన్నఒడ్డు:
మాది నెల్లూరు. నా కష్టం వినండి. ‘అనగనగా ఒక రోజు’ (1997)లో వినిపించే నెల్లూరు పెద్దారెడ్డి పేరు పుణ్యమా అని ఊరి పేరు చెప్పగానే ఎవరో ఒకరు ‘పెద్దారెడ్డి గారు బాగున్నారా?’ అంటారు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ‘బాగున్నారండీ, మీ గురించే అడుగుతున్నారు’ అనేస్తున్నాను.

గోదారిగట్టు:
@పెన్నఒడ్డు మేమూ అడిగామని చెప్పండి.