కారం మిల్లు పెట్టేవాళ్లకి లైబ్రరీ డేటాబేస్‌లతో పనుందా, లేదా?

సన్నరకం:
సూటిగా అడుగుతున్నా. చిన్న కారం మిల్లు పెట్టుకునే మనిషికి కాలేజీ లైబ్రరీల్లో ఉండే బిజినెస్ డేటాబేస్‌లు అవసరమా కాదా? అవసరమే అంటాను నేను. అంతేకాదు, అవి ఎంబీఏ పిల్లలకే కాకుండా జిల్లా గ్రంథాలయంలో అందరికీ దొరకాలని కూడా అంటాను.

ఎందుకో చెప్తా. మా చెల్లి ప్యాకెట్ కారం యూనిట్ పెడదామని పీఎంఎఫ్‌ఎంఈ లోన్ కోసం తిరుగుతోంది. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన స్కీమ్ అది, ఖర్చులో 35 శాతం, ఎక్కువలో ఎక్కువ 10 లక్షలు సబ్సిడీ. ప్రాజెక్ట్ రిపోర్ట్ ఒకాయన రాసిచ్చాడు. అందులో మార్కెట్ గురించి ఒక్కటే పేజీ: దేశంలో మసాలాల వ్యాపారం ఇన్ని వేల కోట్లు, ఏటా ఇంత శాతం పెరుగుతుంది, అంతే. ఆ అంకె ఎక్కడిదా అని వెతికితే, రిపోర్టులు అమ్ముకునే ఒక సైట్ వేసిన ప్రకటనలో దొరికింది. అలాంటి సైట్లు ఇంకో రెండు చూశా. మూడు చోట్ల మూడు అంకెలు, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు, ఎలా లెక్కేశారో ఎక్కడా రాయలేదు.

మా బాబాయి కొడుకు చదివే కాలేజీలో లెటర్ ఇస్తే బయటివాళ్లని లైబ్రరీలో కూర్చోనిస్తారని తెలిసి ఒక మధ్యాహ్నం వెళ్లాను. అక్కడ సీఎంఐఈ వాళ్ల ప్రోవెస్ ఉంది, మన దేశంలోని వేల కంపెనీల లెక్కలు ఏళ్లవారీగా ఉంటాయి. ‘మసాలా’ అని కొట్టి వెతుకుతుంటే అక్కడి మేడమ్ ఆపి, పేరుతో కాదు, పరిశ్రమ కోడ్‌తో వెతకండి అన్నారు. మసాలాలు పొడి చేసేవాళ్ల ఎన్‌ఐసీ కోడ్ 10795, అప్పడాలకి 10796. కోడ్ పట్టుకుంటే కంపెనీలు వరసగా వచ్చేశాయి.

నేను అమ్మకాలు చూడలేదు. మార్చి 31 నాటికి చేతిలో ఉన్న ముడిసరుకు ఎంత, ఏడాది మొత్తం వాడింది ఎంత, ఈ రెండే రాసుకుని ఇది ఎన్ని నెలలకి సరిపోతుందో లెక్కేశా. కొన్ని కంపెనీల దగ్గర నెలల తరబడి సరిపోయే సరుకుంది. మా చెల్లి రిపోర్ట్‌లో ముప్పై రోజుల సరుకని రాసి ఉంది! పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఒక్కసారిగా వచ్చిపడుతుంది, అప్పుడు కొని కోల్డ్ స్టోరేజీలో వేసుకోకపోతే వానాకాలంలో ఎవరు ఎంత చెప్తే అంత పెట్టి కొనాలి. అంటే వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొని మిల్లు నడపడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు) లెక్క మొత్తం తప్పు. లోన్ వచ్చాక ఆగస్టులో తెలిసేది ఈ సంగతి, మిల్లు ఆగిపోయాక. ఆ మధ్యాహ్నం నుంచి నా అభిప్రాయం ఇదీ. కాదనేవాళ్లు చెప్పండి.

యార్డు బాబాయ్:
కాదనేవాణ్ణి నేనే. ఇరవై ఏళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారంలో ఉన్నా. సరుకు ఎండాకాలంలో కొని ఏసీలో (కోల్డ్ స్టోరేజీని మేం అలాగే అంటాం) వేసుకోవాలని చెప్పడానికి డేటాబేస్ కావాలా తమ్ముడూ? యార్డు గేటు దగ్గర టీ కొట్టాయన్ని అడిగినా చెప్తాడు.

అసలు సంగతి వేరే ఉంది. నువ్వు చూసింది కంపెనీలుగా రిజిస్టరైనవాళ్ల లెక్కలు. మన చుట్టుపక్కల కారం పట్టేవాళ్లలో ఎక్కువమంది సొంత పేరు మీదో, ఇద్దరు ముగ్గురు భాగస్తులుగానో నడుపుకునేవాళ్లు. వాళ్ల బ్యాలెన్స్ షీట్ ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. రేపు మీ చెల్లి పోటీ పడేది వాళ్లతోనే కానీ పెద్ద బ్రాండ్లతో కాదు. రెండోది, ఆ లెక్కలు ఎప్పటివి? మార్చితో ఏడాది అయిపోతే, సెప్టెంబర్ లోపు మీటింగ్, ఆ తర్వాత నెల రోజులకి ఫైలింగ్, ఆపైన అది డేటాబేస్‌లోకి ఎక్కాలి. అప్పటికి కొత్త పంట పూతకొస్తుంది. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించి ఆదుకోవాల్సి వచ్చింది. పాత బ్యాలెన్స్ షీట్ చూసి ఇది ఎవరు ఊహించగలరు? యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని దిగుతున్నాయి, ఏసీల్లో పాత నిల్వ ఎంత, చైనా వాళ్లు తేజ రకం మిర్చి అడుగుతున్నారా లేదా, ఇవి కదా చూడాల్సింది.

ఇంకో మాట. గ్రంథాలయాలకి వచ్చే డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు కొనండి. కుర్చీలు చాలక పిల్లలు వరండాలో కూర్చుని చదువుతున్నారు. వాళ్ల నోటి దగ్గర కూడు తీసి డేటాబేస్‌లు కొనమంటే నేను ఒప్పుకోను.

పుస్తకాల అర:
నేను కాలేజీ లైబ్రేరియన్‌ని (మీరు వెళ్లిన కాలేజీ కాదు లెండి). ఇద్దరూ ఒకదాన్నే డేటాబేస్ అనుకుని వాదించుకుంటున్నారు, ఏ ప్రశ్నకి ఎక్కడికెళ్లాలో ముందు తేల్చుకోవాలి.

బాబాయ్ గారూ, సొంత పేరు మీద నడిచే మిల్లుల మాట నిజమే, కంపెనీ డేటాబేస్‌లో వాళ్లుండరు. కానీ వాళ్ల గురించి లెక్కే లేదనడం తప్పు. పది మంది, ఆపైన పనివాళ్లుండి కరెంటుతో నడిచే ఫ్యాక్టరీలైతే కేంద్ర గణాంక శాఖ ఏటా చేసే పరిశ్రమల సర్వేలోకి వస్తాయి. అంతకన్నా చిన్నవాటికి విడిగా ఇంకో సర్వే ఉంది, కంపెనీలుగా నమోదు కాని వ్యాపారాల మీద. ఎవరి పేరూ కనపడదు కానీ ఒక్కో యూనిట్‌కి సగటున ఎంత రాబడి, ఎంతమంది పనివాళ్లు, అన్నీ దొరుకుతాయి, ఉచితంగా. జనం ఇంట్లో నెలకి ఎంత ఎండుమిర్చి వాడుతున్నారో కుటుంబ వినియోగ సర్వేలో ఉంది. 2011-12 తర్వాత మళ్లీ 2022-23కే ఆ లెక్కలు బయటికొచ్చాయి. ఎగుమతులకైతే వాణిజ్య శాఖ సైట్‌లో హెచ్‌ఎస్ కోడ్ (ఎగుమతి దిగుమతుల్లో ఒక్కో సరుకుకి ఇచ్చే నంబర్) కొట్టండి, కాయగా పోయేది 090421, పొడిగా పోయేది 090422, ఏ దేశానికి ఎంతో నెలవారీగా వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు తెలిస్తే కంపెనీల శాఖ సైట్‌లో 100 రూపాయలు కట్టి దాని కాగితాలు చూడొచ్చు.

ఇవన్నీ ఉచితం, లేదా చవక. మరి కొనే డేటాబేస్ ఎందుకంటే, వందల కంపెనీల లెక్కల్ని ఒకే వరసలో పేర్చి పోల్చుకోనిస్తుంది. సన్నరకం గారు ఒక్క మధ్యాహ్నంలో చేసిన పని ఒక్కో ఫైల్ దించుకుంటూ చేస్తే నెల పడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. లెటర్ ఇచ్చి లోపల కూర్చుని చూసుకోవడం వేరు, స్టూడెంట్ లాగిన్ తీసుకుని ఇంట్లో వాడుకోవడం వేరు. చదువు కోసం ఇచ్చిన లైసెన్సుని వ్యాపారానికి వాడొద్దని చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది, అందుకే వెళ్లేముందు పని ఏంటో లైబ్రేరియన్‌కి చెప్పి అడగండి. లాగిన్ బయటికి పోయిందంటే కాలేజీ మొత్తానికి ఆపేస్తారు, పరీక్షల ముందు పిల్లలు ఏడుస్తూ నా దగ్గరికి వస్తారు. ఆ టెన్షన్ పడ్డదాన్ని కాబట్టి చెప్తున్నా.

డల్లాస్ ఆవకాయ:
ఇక్కడ మా ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే చాలు. కార్డు నంబర్ కొట్టి ఇంట్లోంచే డేటా యాక్సిల్‌లోకి వెళ్లొచ్చు, ఏ పిన్‌కోడ్‌లో ఏ రకం షాపులున్నాయో, ఎంతమంది పనిచేస్తారో లిస్ట్ తీసుకోవచ్చు. పచ్చళ్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు చుట్టుపక్కల ఇండియన్ గ్రోసరీల లిస్ట్ అలాగే తీశా. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్ల లెక్క అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో విడిగా ఉంటుంది, అది పక్కన పెట్టుకుని ఎటువైపు ముందు వెళ్లాలో నిర్ణయించుకున్నా. లిస్ట్‌లో కొన్ని షాపులు ఎప్పుడో మూసేసినవి, మా ఆవిడ ఫోన్ చేస్తే కానీ తెలియలేదు, కాబట్టి బాబాయ్ గారన్నట్టు తిరగడం తప్పదు. కానీ ఎక్కడ తిరగాలో ముందే తెలిసింది కదా. వ్యాపారం చేసుకునేవాడు అంటరానివాడు అన్నట్టు ఇక్కడి లైబ్రరీ చూడదు, మన దగ్గర కూడా అలా ఎందుకు ఉండకూడదు?

డీపీఆర్ రాసేవాణ్ణి:
డీపీఆర్ అంటే లోన్ కోసం బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్ట్, సన్నరకం గారు చెప్పిన ఆ ఒక్క మార్కెట్ పేజీ రాసే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి మాట్లాడాలి. మాకిచ్చే ఫీజుకి పెద్ద డేటాబేస్ కొనలేం. బ్యాంకులో ఆ పేజీ గురించి ప్రశ్న అడిగినవాళ్లు నాకైతే తగల్లేదు. అయినా ముప్పై రోజుల సరుకు అని రాయడం తప్పే, అది డేటాబేస్ లేక జరిగిన తప్పు కాదు, వేరే ప్రాజెక్ట్ షీట్‌ని దీనికి వాడుకోవడం వల్ల జరుగుతుంది. జిల్లా కేంద్రంలో ఎక్కడైనా కూర్చుని చూసుకునే వీలుంటే నేనే వారానికోసారి వెళ్తా.

యార్డు బాబాయ్:
లైబ్రేరియన్ అమ్మా, 090421 కొట్టి చూశా. ఏ నెలలో ఎటు పోయిందో ఇంత వివరంగా ఉంటుందని నాకు తెలీదు, మా ఎగుమతి వాళ్లు చెప్పింది వినడమే ఇన్నేళ్లూ. అది ఒప్పుకుంటున్నా.

అయినా రేట్ల విషయంలో నా మాట మార్చుకోను. ఖమ్మంలో జెండా పాట రేటు (ఆ రోజు మొదటి వేలంలో పలికే పై రేటు) తెల్లారి పేపర్లో వస్తుంది, ఆ రేటు ఎంతమంది రైతుల చేతికి అందింది? అంకె తప్పు కాదు, కానీ అందరికీ వచ్చిన రేటు అది కాదు. కాయ చేత్తో విరిచి, తేమ చూసి, తాలు (రంగు పోయిన కాయ) ఎంతుందో చూసి రేటు కడతాం. ఆ పని కంప్యూటర్ ముందు కూర్చుంటే రాదు.

సన్నరకం:
బాబాయ్ గారూ, కాయ విరిచి చూడ్డం మీ దగ్గరే నేర్చుకోవాలి, దాని మీద నాకు వాదన లేదు. టీ కొట్టాయన సరుకు వేసుకోమని చెప్తాడు, నిజమే. కానీ ఎన్ని నెలలకి, ఎంత డబ్బుతో, ఆ డబ్బు ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఇరుక్కుంటుందో చెప్పడు. బ్యాంకు మేనేజర్ ముందు టీ కొట్టాయన అన్నాడని చెప్పలేం.

పిల్లల నోటి దగ్గర కూడు అన్నారు, ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంటి పన్ను రసీదు తీసి చూశా. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్, 1960 నాటి చట్టం కింద కడుతూనే ఉన్నాం. అదే ఇంట్లో పోటీ పరీక్షలు రాసే అబ్బాయీ ఉన్నాడు, మిల్లు పెట్టే అక్కా ఉంది. ప్రతి జిల్లాకీ కొనమనట్లేదు. విద్యాసంస్థల కోసం కేంద్రం పదమూడు వేల దాకా జర్నల్స్‌కి ఒకే చందా కట్టింది, 2025 జనవరి నుంచి నడుస్తోంది. అలాగే రాష్ట్రం మొత్తానికి ఒక్క లైసెన్స్ తీసుకుని, జిల్లా గ్రంథాలయంలో ఒక్క కంప్యూటర్ పెట్టి, అక్కడే కూర్చుని చూసుకోమంటే చాలు. వ్యాపారానికి వాడుకోవచ్చని ఒప్పందంలోనే రాయించాలి, అప్పుడు మేడమ్ గారి భయమూ ఉండదు.

చెల్లి రిపోర్ట్‌లో సరుకు ముప్పై రోజుల నుంచి ఐదు నెలలకి మార్చాం. అడిగే లోన్ పెరిగింది, ఆమె వాటా కూడా పెరిగింది, అందుకని మొదటి ఏడాది ఒక్క మిషన్‌తో సరిపెట్టుకుంటోంది. మంగళవారం బ్యాంకుకి వెళ్తున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థకి అర్జీ రాయడం మొదలుపెట్టా, మేడమ్ గారూ, ఏ డేటాబేస్‌లు అడగాలో రెండు మూడు పేర్లు మెసేజ్ చేయండి.

యార్డు బాబాయ్:
బుధవారం పొద్దున్నే ఏడింటికి చెల్లాయిని యార్డుకి తీసుకురా. తేజా, 334 రకాలు రెండూ పక్కపక్కన పోసి చూపిస్తా. ఆ అర్జీ మీద నా సంతకం కూడా పెట్టుకో, కాకపోతే కుర్చీల మాట ముందు రాయి.