ఈ హిస్టరీ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

డిగ్రీ మొదటి ఏడాది, ప్రపంచ చరిత్ర పేపర్‌కి ఒకే ఒక్క టెక్స్ట్‌బుక్ చదవమన్నారు. చదవడానికి హాయిగానే ఉంది, మ్యాపులూ బాగున్నాయి, పరీక్ష గట్టెక్కడానికి బానే పనికొస్తుంది. కానీ ఒకచోట మింగుడుపడలేదు. 1789 ఫ్రెంచి విప్లవానికి ఒక అధ్యాయమంతా ఇచ్చి, అదే ఫ్రాన్స్ చేతికింద ఉన్న కరీబియన్ వలస సాన్ దొమింగ్‌లో 1791లో బానిసలు తిరగబడి 1804లో హైతీ పేరుతో స్వతంత్ర దేశం తెచ్చుకున్న సంగతిని రెండంటే రెండు వాక్యాల్లో తేల్చేశారు, అదీ "అల్లర్లు" అని. పారిస్‌లో బాస్టీల్ జైలు కోట మీద పడ్డవాళ్లేమో "ప్రజలు"! 1825లో ఫ్రాన్స్ హైతీ మీద 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం రుద్దిందన్న మాటే లేదు, నాకది బయట చదివితే తెలిసింది.

పేజీలు సరిపోక వదిలేశారా, కావాలనే ఒకవైపు మొగ్గారా? రెండు మాటలు పట్టుకుని పక్షపాతం అనేస్తే అది నా తొందరపాటేమో కూడా. చరిత్ర చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఒక పుస్తకాన్ని తూచేటప్పుడు మీరు ముందు ఏం చూస్తారు? అధ్యాయం చివర ఇచ్చిన ఆధారాలా, ఎడిషన్ ఏ ఏడాదిదన్నదా? ఇంకో పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్క అధ్యాయం పోల్చి చూస్తే సరిపోతుందా? పరీక్షలో మాత్రం ఇందులో ఉన్నదే రాయాలట, అదొక టెన్షన్.