షేక్‌హ్యాండ్ ఇవ్వని పిల్లలకు ఏం చెప్పాలి?

పరకాల పీఈటీ:
అందరికీ నమస్కారం. పరకాల దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో వ్యాయామం సార్‌ను. దసరా సెలవుల్లో మా ఊళ్లో ఏటా పిల్లలకు టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెడతాం. ఈసారి మా ఫైనల్, 2025 ఆసియా కప్‌లో ఇండియా-పాకిస్తాన్ ఫైనల్ జరిగిన తెల్లారే పడింది. ఊరంతా సద్దుల బతుకమ్మ హడావుడిలో ఉంది కాబట్టి చూసేవాళ్లు తక్కువే, అదొక్కటే అదృష్టం.

మా జట్టు చివరి ఓవర్లో గెలిచింది. గెలవగానే మావాళ్లు వికెట్లు పీకి భుజాన వేసుకుని నేరుగా చెట్టు కిందికి వచ్చి కూర్చున్నారు. పక్క ఊరి పిల్లలేమో వరుస కట్టి నిలబడ్డారు. "పోయి చేతులు కలపండిరా" అంటే మా కెప్టెన్ "సూర్య భాయే ఇయ్యలేదు కదా సార్" అన్నాడు.

ఆసియా కప్‌లో మన కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్ పాకిస్తాన్ ఆటగాళ్లకు షేక్‌హ్యాండ్ ఇవ్వని సంగతి వాడు అంటున్నది. ముందు నవ్వొచ్చింది. తర్వాత టెన్షన్ పట్టుకుంది. ఆ జట్టులో ముస్లిం పిల్లలు కొందరున్నారు. మావాళ్లు ఆ మాట పైకి అనలేదు, నేనూ అడగలేదు. కానీ లీగ్ మ్యాచుల్లో అందరితో చేతులు కలిపినవాళ్లు ఈ ఒక్క జట్టుతో ఎందుకు కలపలేదో అక్కడున్న పెద్దవాళ్లందరికీ అర్థమైంది. పిల్లలకు ఇంకా ముందే అర్థమై ఉంటుంది.

నాకు సూర్యకుమార్ మీద కోపం లేదు. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో 26 మందిని కాల్చి చంపారు. సెప్టెంబర్ 14న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఆడమన్నారు. ఆడాలని నిర్ణయించింది ఆయన కాదు. రెండు దేశాల మధ్య విడిగా సిరీస్‌లు ఉండవు, ఆసియా కప్ లాంటివి ఆడొచ్చు అని ఆగస్టులో క్రీడా శాఖే చెప్పింది. ఆడించినవాళ్లు ఎక్కడా కనబడలేదు. జనం కోపానికి జవాబు చెప్పే పని మాత్రం పదకొండు మంది ఆటగాళ్ల నెత్తిన పడింది. అంతమంది టూరిస్టులు తిరిగే మైదానంలో ఆ రోజు భద్రతా సిబ్బంది ఎందుకు లేరని అడగాల్సిన మనం, టాస్ దగ్గర ఎవరు ఎవరి మొహం చూశారని రీప్లేలు వేసుకున్నాం.

ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు ఎట్లా చెప్పాలి? 1999 చెన్నై టెస్టు గురించి చెబుదామనుకున్నా. సచిన్ 136 కొట్టినా మనం 12 పరుగులతో ఓడిపోతే, చెపాక్ జనం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు. కానీ "ఆ ఎండాకాలమే కార్గిల్ వచ్చింది కదా సార్" అని వాళ్లు తిరిగి అడిగితే? అడుగుతారు, నాకు తెలుసు.

హన్మకొండ ఫాస్ట్ బౌలర్:
సార్, మీ పిల్లలు చేసింది తప్పే. దాన్ని దుబాయ్‌తో కలపకండి. చేతులు కలపాలని ఆట నియమాల్లో ఎక్కడా లేదు. క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ క్లబ్ రూల్ పుస్తకం ముందుమాటలో, గెలిచినా ఓడినా ఎదుటి జట్టుకూ అంపైర్లకూ థాంక్స్ చెప్పమని మాత్రం ఉంది. సూర్య దాచుకోలేదు, కొన్ని విషయాలు క్రీడాస్ఫూర్తి కన్నా పెద్దవని మీడియా ముందే అన్నాడు.

ఫైనల్ తర్వాత కప్పు ఇస్తానని నిలబడ్డ మొహసిన్ నఖ్వీ ఎవరు? ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడు, పాకిస్తాన్ క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, పైగా పాకిస్తాన్ హోం మంత్రి. ఆయన చేతుల మీదుగా కప్పు తీసుకుని నవ్వుతూ ఫొటో దిగాలా? మనవాళ్లు తీసుకోలేదు. మన హైదరాబాద్ పిల్లగాడు తిలక్ 69 కొట్టి, అవుట్ కాకుండా గెలిపించిన రాత్రి అది. చేతిలో కప్పు లేకుండానే వేడుక చేసుకున్నారంటే నాకూ బాధే. అయినా సరైన పని. మీరు పక్క ఊరు పాకిస్తాన్ కాదని పిల్లలకు గట్టిగా చెప్పండి, చాలు. మిగతాది అనవసరంగా రాజకీయం చేస్తున్నారు.

కాజీపేట పాత గార్డు:
రాజకీయం అని పక్కన పెడితే ఎట్లా తమ్ముడూ? చంపింది టెర్రరిస్టులే, పంపింది సరిహద్దు అవతలివాళ్లే, అందులో నాకేం అనుమానం లేదు. కాపలా కాయాల్సింది మాత్రం మనవాళ్లే కదా.

నేను రైల్వేలో చేరిన కొత్తలో సీనియర్లు మహబూబ్‌నగర్ ప్రమాదం గురించి చెప్పేవాళ్లు. 1956 సెప్టెంబర్‌లో వంతెన కూలి వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో అరియలూర్ దగ్గర ఇంకో ప్రమాదం, ఇక ఆగలేదాయన. ఆ వంతెన శాస్త్రి గారు కట్టిందేం కాదు.

2008లో ముంబై దాడి తర్వాత శివరాజ్ పాటిల్ కేంద్ర హోం శాఖ వదిలేశారు. మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావు దేశ్‌ముఖ్ అయితే కాలిన తాజ్ హోటల్ చూడటానికి హీరో అయిన తన కొడుకునూ, మన రాంగోపాల్ వర్మనూ వెంటేసుకుని పోయారు. ఆ దృశ్యాలు టీవీలో వచ్చాక కుర్చీ నిలవలేదు. అట్లని రాజీనామాతో లెక్క తేలిందని నేననను. మరుసటి ఏడాదే దేశ్‌ముఖ్ కేంద్ర మంత్రి అయ్యారు. ఆర్.ఆర్. పాటిల్ కూడా అప్పుడు మహారాష్ట్ర హోం శాఖ వదిలేసి, మళ్లీ ఏడాదికి అదే శాఖకు వచ్చి కూర్చున్నారు.

పీఈటీ సార్, మీ పిల్లలు కార్గిల్ అడిగితే భయపడకండి. యుద్ధం నడుస్తుండగానే జూన్ 8న మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్ ఆడాం, వెంకటేశ్ ప్రసాద్ ఐదు వికెట్లు తీశాడు, గెలిచాం. గెలిచాం కదా అని శత్రువు అంత లోపలికి ఎట్లా వచ్చాడన్న ప్రశ్నను వదిలేయలేదు. సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, కొన్ని భాగాలు తీసేసినా నివేదిక పార్లమెంటుకు వచ్చింది. పహల్గాం సంగతిలో జమ్మూ కశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జూలైలో "భద్రతా వైఫల్యమే, బాధ్యత నాది" అనే అర్థంలో మాట్లాడారు. మంచిదే, ఆ మాత్రం అన్నవాళ్లు తక్కువ. తర్వాత కుర్చీలోనే ఉన్నారు. మా డ్యూటీలో యార్డులో ఒక్క పెట్టె పట్టాలు తప్పినా ఎందుకు తప్పిందో జాయింట్ నోట్ రాసి అందరి సంతకాలు తీసుకునేవాళ్లు. అట్లాంటి కాగితం జనం అడగకపోతే రాదు.

జనగామ కోచింగ్ బ్యాచ్:
2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నా. గ్రూప్స్ కోచింగ్ రోజులు. బస్టాప్ వైపు పేలుళ్లు, తర్వాత ఫోన్లు కలవలేదు. మా నాన్న రాత్రంతా ప్రయత్నించి, తెల్లారి మొదటి బస్సుకు వచ్చి నన్ను జనగామ తీసుకుపోయాడు. పెట్టె కూడా సర్దుకోనీయలేదు. 18 మంది చనిపోయారు, అందులో చదువుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన మాలాంటివాళ్లున్నారు.

ముందే హెచ్చరించామని కేంద్రం అంది, అది మామూలుగా వచ్చే హెచ్చరికేనని రాష్ట్రం అంది. రెండు చోట్లా ఒకే పార్టీ. ఎవరూ కుర్చీ దిగలేదు. కాబట్టి అన్నా, ఇది ఈ ప్రభుత్వానికో ఆ ప్రభుత్వానికో చుట్టే విషయం కాదు. 2016 డిసెంబర్‌లో కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది 2025 ఏప్రిల్ 8న. రెండు వారాలకు పహల్గాం.

పేలుళ్లు జరిగిన పది రోజుల్లోపే ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. పుజారా 204 కొట్టాడు. నాన్నా నేనూ టీవీలో చూశాం. ఆడటం తప్పని మాకు అనిపించలేదు, ఊరట అనిపించింది. అదే ఊరటను లెక్క అడగకుండా ఉండటానికి వాడుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

సార్, మీ పిల్లలకు క్లాసు పీకకండి, వినరు. రెండు ఊళ్ల పిల్లలను కలిపి చీటీలు తీసి, కొత్తగా రెండు జట్లు చేసి ఒక మ్యాచ్ పెట్టండి.

ఉర్సుగుట్ట బ్యాట్:
ఇంతకీ బహుమతులు ఎవరిచ్చారు సార్?

పరకాల పీఈటీ:
మాజీ సర్పంచ్. పదవిలో ఉన్నన్నాళ్లూ గ్రౌండు చదును చేయిస్తానన్న పెద్దమనిషి. బౌండరీ పక్కన లాంగాన్‌లో గుంత ఇప్పటికీ అట్లే ఉంది, సెమీస్‌లో ఒకడి కాలు మడతపడింది కూడా. మావాళ్లు ఆయనతో మాత్రం షేక్‌హ్యాండ్ ఇచ్చి ఫొటో దిగారు. ఫాస్ట్ బౌలర్ అన్నా, దీన్ని కూడా రాజకీయం అనకు.

కాజీపేట సార్, మీరన్న కాగితం మాట పిల్లలకు చెప్పా. గుంత గురించి పంచాయతీకి అర్జీ రాసే పని కెప్టెన్‌కే ఇచ్చా. రెండు ఊళ్ల పిల్లల సంతకాలు ఉండాలన్నా. రాస్తున్నాడు, ఒత్తులు దిద్దాలి.

జనగామ తమ్ముడి చీటీల ఐడియా పక్క ఊరి సార్‌కూ నచ్చింది. దీపావళి తర్వాత ఆదివారం పెడుతున్నాం. వాళ్ల కీపర్ నీ జట్టులోకి రావచ్చని చెబితే మా కెప్టెన్ కాసేపు ఆలోచించి, "మంచిగనే పడతడు సార్, మరి మా కీపర్‌ను ఏడ నిలబెట్టాలె?" అన్నాడు. లాంగాన్‌లో అన్నా. బాల్స్ ఖర్చు నాది. కాజీపేట సార్, అంపైరింగ్‌కు వస్తానంటే పరకాల బస్టాండుకు బండి పంపిస్తా.